చేపకి లైట్ కొనండి, పక్షికి లెన్స్ కొనండి: మొదటి కెమెరా బడ్జెట్ ఎలా పంచుకోవాలి?

"అన్నా, ఇంట్లో అక్వేరియం ఉంది, వీకెండ్ పక్షుల ఫోటోలు కూడా తీయాలి. రెండింటికీ పనికొచ్చే కెమెరా ఒకటి చెప్పు." కెమెరా మెడలో వేసుకుని తిరిగే ప్రతి ఒక్కడికీ ఈ ప్రశ్న తప్పదు. అడిగేవాళ్ల బడ్జెట్ మామూలుగా ఒకటి రెండు నెలల జీతం, లేదంటే ఏడాది ఈఎంఐ. ఆ డబ్బులో ముప్పావు వంతు కొత్త బాడీకి పోసేసి, బాక్స్‌లో వచ్చిన 18-55 కిట్ లెన్స్‌తో సరిపెట్టుకుంటే ఆరు నెలల్లో కెమెరా బీరువా ఎక్కడం గ్యారంటీ. కారణం కెమెరా బాగోక కాదు, డబ్బు వెళ్లాల్సిన చోటికి వెళ్లక.

నేను ఉండేది కోరుకొండలో. ఇంట్లో గప్పీల ట్యాంక్, ఊరి చుట్టూ పొలాలు, కాలవ గట్లు. ఇటు వెళ్తే గోకవరం, రంపచోడవరం మీదుగా మారేడుమిల్లి అడవి. అటు వెళ్తే కోరింగ మడ అడవులు, ఇంకా దూరం వెళ్తే కొల్లేరు. చేపలు, పక్షులు రెండూ తీయాలనుకునేవాడికి ఇంతకంటే మంచి చోటు ఏముంటుంది? కానీ ఈ రెండు రకాల ఫోటోలకీ వచ్చే సమస్య ఒకటి కాదు.

ట్యాంక్‌లో చేప మనకి అడుగు, రెండడుగుల దూరంలోనే ఉంటుంది. అక్కడ తక్కువయ్యేది వెలుతురు. అయితే ఆ వెలుతురు మన చేతిలో ఉంది, కావాలంటే పెంచుకోవచ్చు. గట్టు మీద లకుముకి పిట్టకి సూర్యుడు ఫ్రీగా వెలుతురు ఇస్తాడు. అక్కడ ఇబ్బంది దూరం, అది మన చేతిలో లేదు. ఇంకో నాలుగు అడుగులు ముందుకేస్తే పిట్ట ఎగిరిపోతుంది. అందుకే చేపకి లైట్ కొనాలి, పక్షికి లెన్స్ కొనాలి. మిగిలింది బాడీకి. ఇప్పుడు ఇది ఎందుకో లెక్కతో చూద్దాం.

ఫోటోలో పిట్ట ఎంత పడుతుంది?

ఫార్ములా చాలా సింపుల్. సెన్సర్ మీద పడే బొమ్మ సైజు = ఫోకల్ లెంగ్త్ × జంతువు పొడవు ÷ దూరం. దగ్గరగా తీసే మాక్రోకి ఇది సరిపోదు కానీ, పక్షులకి చక్కగా పనికొస్తుంది.

మన తెల్లగొంతు లకుముకి పిట్ట ముక్కుతో కలిపి సుమారు 28 సెంటీమీటర్లు. 15 మీటర్ల దూరంలో కరెంటు తీగ మీద కూర్చుంది అనుకుందాం. కెమెరా 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సి సెన్సర్, అంటే ఫోటో అడ్డంగా 6,000 పిక్సెల్స్, ఒక్కో పిక్సెల్ సుమారు 4 మైక్రాన్లు.

- 55 ఎంఎం కిట్ లెన్స్‌తో పిట్ట పొడవు దాదాపు 250 పిక్సెల్స్.
- 250 ఎంఎం లెన్స్‌తో దాదాపు 1,150 పిక్సెల్స్.
- 600 ఎంఎం లెన్స్‌తో దాదాపు 2,800 పిక్సెల్స్.

అదే పిట్టని ఫోన్ మెయిన్ కెమెరాతో తీస్తే? ఫోన్ స్పెసిఫికేషన్స్‌లో 24 ఎంఎం అని రాస్తారు. అది ఫుల్ ఫ్రేమ్‌తో పోల్చి చెప్పే లెక్క. అసలు ఫోకల్ లెంగ్త్ 6 ఎంఎం దగ్గర ఉంటుంది. పిక్సెల్ ఒక మైక్రాన్ అనుకున్నా పిట్ట 110 పిక్సెల్స్‌కి మించదు. ఫోన్ మీద 100ఎక్స్ అని రాసి ఉన్నా, టెలిఫోటో లెన్స్ నిజంగా ఇచ్చేది కొన్ని రెట్లే. మిగతాది క్రాప్, ఆ పైన సాఫ్ట్‌వేర్ ఊహ. ఈకలు ఉన్నట్టే కనిపిస్తాయి కానీ ఆ ఈకలు పిట్టవి కావు.

250 పిక్సెల్స్‌కీ 1,150 పిక్సెల్స్‌కీ మధ్య తేడా ఏ కొత్త బాడీ కొన్నా రాదు. లెన్స్ మారితేనే వస్తుంది.

అలాగని అందరికీ 600 ఎంఎం అక్కర్లేదు, ఏ పక్షి అన్నది కూడా ముఖ్యమే. కొల్లేరు దగ్గర ఆటపాకలో కనిపించే గూడబాతు దాదాపు 1.4 మీటర్ల పక్షి. 30 మీటర్ల దూరంలో ఉన్నా 250 ఎంఎం లెన్స్‌తో సెన్సర్ మీద 11.7 మిల్లీమీటర్లు పడుతుంది, అంటే ఫ్రేమ్‌లో సగం. కోరింగలో చెక్క వంతెన మీద నుంచి బురదలో గెంతే మడ్ స్కిప్పర్ చేపల్ని, పీతల్ని తీయడానికి కూడా 250 చాలు, అవి దగ్గరగానే ఉంటాయి. 600 అవసరం పడేది చిన్న పిట్టలకి, మనిషిని చూస్తేనే బెదిరే వాటికి. మీ వీకెండ్‌లు ఎక్కడ గడుస్తాయో ముందు రాసుకోండి, తర్వాత లెన్స్ చూడండి.

ఫుల్ ఫ్రేమ్ కావాలా?

ఏపీఎస్-సి కెమెరాలో 250 ఎంఎం లెన్స్ 375 అయిపోతుంది అంటారు. లెన్స్ ఏమీ మారదు. సెన్సర్ చిన్నది కాబట్టి మధ్య ముక్క మాత్రమే కనిపిస్తుంది, అంతే. ఇక్కడ ఒక లాభం ఉంది. 24 మెగాపిక్సెల్ ఫుల్ ఫ్రేమ్ ఫోటోని ఏపీఎస్-సి సైజుకి క్రాప్ చేస్తే మిగిలేది దాదాపు 10 మెగాపిక్సెల్స్. అదే లెన్స్ 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సి బాడీకి తగిలిస్తే ఆ ముక్కలోనే 24 మెగాపిక్సెల్స్ వస్తాయి. ఫుల్ ఫ్రేమ్‌కి తక్కువ వెలుతురులో నాయిస్ తక్కువ, నిజమే. కానీ ఆ లాభం పిట్టతో ఫ్రేమ్ నింపగలిగినప్పుడే దక్కుతుంది. నింపే లెన్స్‌కి డబ్బు లేనప్పుడు ఏపీఎస్-సి తెలివైన ఎంపిక.

బయట వెలుతురు లెక్క

మధ్యలో ఒక మాట. వెలుతురు రెట్టింపు అయితే ఒక స్టాప్ పెరిగింది అంటాం, సగం అయితే ఒక స్టాప్ తగ్గింది అంటాం. ఐఎస్ఓ 400 నుంచి 800 ఒక స్టాప్.

ఎగిరే పక్షి రెక్క స్పష్టంగా రావాలంటే షట్టర్ 1/2000 దగ్గర ఉండాలి. మామూలు బడ్జెట్‌లో దొరికే 600 ఎంఎం జూమ్‌లు చివర్లో ఎఫ్/6.3. మంచి ఎండలో ఈ రెండూ పెడితే ఐఎస్ఓ 320 దగ్గర సరిపోతుంది, ఏ కెమెరా అయినా చాలు. పొద్దున్నే వెలుతురు రెండు మూడు స్టాప్‌లు తక్కువ. ఐఎస్ఓ 1,250 నుంచి 2,500 వరకు పోతుంది, అది కూడా పర్వాలేదు. మారేడుమిల్లి అడవి నీడలో ఆరు స్టాప్‌లు తగ్గాయనుకోండి, ఐఎస్ఓ 20,000 అవుతుంది. అక్కడ పని కష్టం. కొమ్మ మీద కదలకుండా కూర్చున్న పక్షినైతే 1/250కి దిగి ఐఎస్ఓ 2,500తో తీయొచ్చు. అడవిలో ఎగిరే పక్షి కోసం ఎఫ్/4 లెన్స్ కొనాలంటే 600 ఎంఎంలో అది పది లక్షలు దాటే వస్తువు. దాని బదులు కూర్చున్న పక్షి కోసం ఓపిక పట్టడం చౌక.

ఇంకో విషయం. వేసవి మధ్యాహ్నం వరి చేల మీద, చేపల చెరువుల మీద వేడి గాలి అలలు లేస్తుంది. ఆ టైమ్‌లో 600 ఎంఎంతో దూరంగా ఉన్న కొంగని తీస్తే ఫోటో మెత్తగా వస్తుంది. లెన్స్ బాగోలేదని సర్వీస్ సెంటర్‌కి పరిగెత్తకండి. అదే లెన్స్‌తో తర్వాతి రోజు పొద్దున్న ఏడింటికి తీసి చూడండి.

అక్వేరియం: మాక్రో లెన్స్ ముందు కాదు

అక్వేరియం అనగానే అందరూ ఇచ్చే సలహా ఒకటే: "100 ఎంఎం ఎఫ్/2.8 మాక్రో తీసుకో." లెన్స్ మంచిదే. కానీ మొదటి కొనుగోలు అదే కావాలా అన్నది చూద్దాం.

మాక్రో లెన్స్ 1:1 అంటే 3 సెంటీమీటర్ల గప్పీ సెన్సర్ మీద కూడా 3 సెంటీమీటర్లు పడుతుంది. ఏపీఎస్-సి సెన్సర్ వెడల్పే 23.5 మిల్లీమీటర్లు. అంటే చేప ఫ్రేమ్‌లో పట్టదు! గప్పీకి, ఫైటర్ చేపకి సగం సైజు చాలు. కన్ను, పొలుసులు, చిన్న చెర్రీ రొయ్యలు తీయాలంటేనే 1:1 కావాలి.

మామూలు టెలిఫోటో జూమ్‌లలో దగ్గరగా ఫోకస్ అయ్యేవి కొన్ని ఉన్నాయి. కెనాన్ ఈఎఫ్-ఎస్ 55-250 ఎస్‌టీఎం 0.29 రెట్ల దాకా వెళ్తుంది. అంటే గప్పీ 8.7 మిల్లీమీటర్లు, ఫ్రేమ్‌లో మూడో వంతు పైనే. కెనాన్ ఆర్ఎఫ్ 100-400 అయితే 0.41 రెట్లు, గప్పీ 12 మిల్లీమీటర్లు, సగం పైన. ట్యాంక్‌కి దాదాపు మీటరు దూరంలో కూర్చుని తీయాలి. అదీ మంచిదే, చేప బెదరదు. లెన్స్ కొనేటప్పుడు స్పెసిఫికేషన్స్‌లో మాక్సిమమ్ మాగ్నిఫికేషన్ అనే లైన్ తప్పకుండా చదవండి. పక్షి లెన్స్ చేపకి కూడా పనికొస్తుందో లేదో ఆ ఒక్క అంకె చెప్పేస్తుంది.

"మరి ఎఫ్/5.6, ఎఫ్/8 లెన్స్‌తో ట్యాంక్ చీకట్లో ఎలా?" అంటారు. సగం సైజులో తీసేటప్పుడు ఎఫ్/2.8 పెడితే ఫోకస్‌లో ఉండే లోతు ఒక మిల్లీమీటరు కూడా ఉండదు. కన్ను షార్ప్, ముక్కు బ్లర్. ఎఫ్/8 పెట్టినా రెండు మిల్లీమీటర్లే. కాబట్టి ఎఫ్/2.8 లెన్స్ కొన్నా చివరికి ఎఫ్/8 దగ్గరికే వస్తాం. అక్కడ కావాల్సింది పెద్ద అపర్చర్ కాదు, పెద్ద లైట్.

అందుకే ఫ్లాష్. గోడాక్స్ టీటీ600 లాంటి మాన్యువల్ ఫ్లాష్, దానికో రేడియో ట్రిగ్గర్. మాక్రో లెన్స్ ధరలో చిన్న వాటా ఇది. ఫ్లాష్‌ని కెమెరా మీద పెట్టకూడదు, అద్దం మీద తెల్లటి మచ్చ పడుతుంది. ట్యాంక్ పైన గాజు మూత వేసి, దాని మీద బటర్ పేపర్ పరిచి, ఫ్లాష్‌ని కిందకి చూసేలా పెట్టాలి. జారి నీళ్లలో పడకుండా స్టాండ్‌కి గట్టిగా బిగించండి. సెట్టింగ్స్ 1/200, ఎఫ్/8, ఐఎస్ఓ 400తో మొదలుపెట్టి, ఫ్లాష్ పవర్ 1/8 నుంచి అటూ ఇటూ మార్చుకోవచ్చు. తక్కువ పవర్‌లో ఫ్లాష్ సెకనులో కొన్ని వేలవ వంతు మాత్రమే వెలుగుతుంది కాబట్టి తోక ఊపు కూడా ఆగిపోతుంది. గదిలో లైట్లు ఆపేస్తే అద్దంలో మన నీడ కూడా పడదు.

ఇక రూపాయి ఖర్చు లేని పనులు. కెమెరా అద్దానికి నిటారుగా, ఎదురుగా ఉండాలి. పక్క నుంచి తీస్తే నీళ్లూ గాజూ కాంతిని వంచేస్తాయి, చేప అంచుల్లో రంగులు చీలతాయి. అద్దం లోపల పాచి గీకేసి, నలుసులు అడుక్కి దిగేదాకా ఒకటి రెండు గంటలు ఆగండి. ఎయిర్ పంప్ పది నిమిషాలు ఆపితే బుడగలు పోతాయి, అయ్యాక మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవద్దు. పోలరైజర్ ఫిల్టర్ కొనమని ఎవరైనా అంటే ఆగండి. అది పక్క కోణంలో వచ్చే మెరుపుని తగ్గిస్తుంది. ఎదురుగా తీసేటప్పుడు పెద్దగా చేసేదేం లేదు, పైగా ఒకటి రెండు స్టాప్‌ల వెలుతురు మింగేస్తుంది.

ఫ్లాష్ లేకుండా ట్యాంక్ ఎల్ఈడీ కిందే తీస్తే ఫోటోలో నల్లటి పట్టీలు రావచ్చు. ఎల్ఈడీ కంటికి కనపడకుండా ఆరుతూ వెలుగుతూ ఉండటం వల్ల అది. మెకానికల్ షట్టర్ వాడి చూడండి. అప్పటికీ వస్తే షట్టర్ 1/100కి తగ్గించండి.

విశాఖ ఆర్కే బీచ్ దగ్గరున్న మత్స్యదర్శిని లాంటి పబ్లిక్ అక్వేరియంలో ఈ ఫ్లాష్ సెటప్ కుదరదు. అక్కడికి 50 ఎంఎం ఎఫ్/1.8 తీసుకెళ్లండి. కిట్ లెన్స్ ఎఫ్/5.6 దగ్గర ఐఎస్ఓ 6,400 అడిగే చోట ఇది ఎఫ్/2.8కి తెరుచుకుని 1,600తో సరిపెడుతుంది. లెన్స్ హుడ్‌ని అద్దానికి ఆనించి తీస్తే రిఫ్లెక్షన్ ఉండదు.

ఫోన్‌తో సరిపెట్టుకోవచ్చా?

పక్షికి కుదరదు, పైన లెక్క చూశాం. అక్వేరియంకి మాత్రం ఫోన్‌ని తక్కువ అంచనా వేయొద్దు. లెన్స్ చిన్నది కాబట్టి అద్దానికి పూర్తిగా ఆనించొచ్చు. ప్రో మోడ్‌లో షట్టర్ 1/125, ఫోకస్ లాక్, ట్యాంక్ మీద ఇంకో ఎల్ఈడీ లైట్. కెమెరా కొనే ముందు ఒక నెల ఇలా తీసి చూడండి. చేపల ఫోటోలు ఫోన్‌తోనే నచ్చేస్తే బడ్జెట్ మొత్తం పక్షి లెన్స్‌కి పెట్టేయొచ్చు.

ఏం కొనాలి? మూడు దారులు

ధరలు సేల్‌ని బట్టి మారిపోతాయి కాబట్టి వాటాలు చెప్తాను. బడ్జెట్‌లో సగం పైన లెన్స్‌కి, పదో వంతు ఫ్లాష్‌కి, మిగిలింది బాడీకి, మెమరీ కార్డ్‌కి, రెండో బ్యాటరీకి.

మొదటి దారి, సెకండ్ హ్యాండ్ డీఎస్ఎల్ఆర్. నికాన్ డీ5600 బాడీకి ఏఎఫ్-పీ 70-300 వీఆర్, లేదా కెనాన్ 200డీ మార్క్ 2కి 55-250 ఎస్‌టీఎం. ఒక జాగ్రత్త: ఆ 200డీ మార్క్ 2 హాట్ షూలో మధ్య పిన్ ఉండదు, మామూలు సింగిల్ పిన్ ట్రిగ్గర్ పనిచేయదు. కెనాన్ కోసమే చేసిన ట్రిగ్గర్ తీసుకోవాలి. ఈ దారి చౌక. అయితే వ్యూఫైండర్‌లో చూసి తీసేటప్పుడు పక్షి కన్నుని వెతికి పట్టే ఆటోఫోకస్ వీటిలో లేదు.

రెండో దారి, కొత్త మిర్రర్‌లెస్. 2022లో వచ్చిన కెనాన్ ఆర్10 మెకానికల్ షట్టర్‌తో సెకనుకి 15 ఫోటోలు తీస్తుంది, జంతువుల కన్నుని పట్టుకుంటుంది. దానికి ఆర్ఎఫ్ 100-400. లెన్స్ బరువు 635 గ్రాములే, బైక్ మీద బ్యాక్‌ప్యాక్‌లో సులువుగా పడుతుంది, చేపకీ పనికొస్తుంది. చివర్లో ఎఫ్/8 అవ్వడమే లోటు, అడవి నీడలో అది తెలుస్తుంది. పక్షులూ చేపలూ రెండూ కావాలనేవాళ్లకి నా ఓటు దీనికే. నికాన్ వైపు 2024లో వచ్చిన జెడ్50-2లో పక్షుల కోసం విడిగా ఆటోఫోకస్ మోడ్ ఉంది.

మూడో దారి, పక్షులే ప్రాణం అనేవాళ్లకి. సిగ్మా 150-600 కాంటెంపరరీ, నికాన్ జెడ్ 180-600, సోనీ 200-600. అన్నీ రెండు కిలోలకి అటూ ఇటూ. గంటసేపు చేత్తో పట్టుకోగలరా అన్నది షాపులోనే తేల్చుకోండి. ఈ దారిలో బాడీ పాతదైనా ఫర్వాలేదు.

నికాన్ పీ950 లాంటి సూపర్ జూమ్ కూడా చాలామంది అడుగుతారు. 2,000 ఎంఎంతో సమానమైన జూమ్ ఉంది, ఎండలో కూర్చున్న పక్షిని గుర్తుపట్టడానికి బ్రహ్మాండం. సెన్సర్ మాత్రం ఫోన్ సైజుది. వెలుతురు తగ్గితే చేతులెత్తేస్తుంది.

డెల్టాలో లెన్స్‌కి శత్రువు

మన గోదావరి వైపు తేమ ఎక్కువ. గుడ్డ సంచిలో వేసి బీరువాలో పెట్టిన లెన్స్‌కి వర్షాకాలంలో ఫంగస్ పట్టేస్తుంది. సెకండ్ హ్యాండ్ లెన్స్ కొనేటప్పుడు వెనక నుంచి టార్చ్ కొట్టి ముందు నుంచి చూడండి. సాలెగూడు లాంటి గీతలు కనిపిస్తే ఎంత చౌకైనా వద్దు. బాడీకి షట్టర్ కౌంట్ అడగండి. ఇంటికొచ్చాక మూత గట్టిగా పడే ప్లాస్టిక్ డబ్బా, అందులో సిలికా జెల్, చిన్న హైగ్రోమీటర్ పెట్టుకోండి. తేమ 40 నుంచి 50 శాతం మధ్య ఉండేలా చూసుకోండి. బియ్యం డబ్బాలో పెట్టకండి, తౌడు దుమ్ము లెన్స్‌లోకి దూరుతుంది.

ఫోటో కంటే ముందు ప్రాణి

కొల్లేరు, కోరింగ అభయారణ్యాలు, పాపికొండలు జాతీయ పార్క్. వీటన్నిటికీ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది, లోపలికి వెళ్లి ఫోటోలు తీయాలంటే అటవీ శాఖ అనుమతి తీసుకోవాలి. గూడు దగ్గరికి వెళ్లి తీయొద్దు. తల్లి పక్షి లేచిపోతే గుడ్లు ఎండకి, కాకులకి వదిలేసినట్టే. ఫోన్‌లో కూత ప్లే చేసి పిలవొద్దు, డ్రోన్ ఎగరేయొద్దు. ఇంట్లో చేపలకీ అంతే. ఫ్లాష్ వెలిగినప్పుడల్లా మూలకి పరిగెడుతుంటే ఆ రోజుకి ఆపేయండి. గుడ్లు, పిల్లలు ఉన్న ట్యాంక్‌లో ఫ్లాష్ వద్దు. కోరింగలో బావురుపిల్లి ఉంది కదా, ఫోటో కొట్టేద్దాం అనుకుంటే, అది రాత్రి తిరిగే జంతువు. పరిశోధకులే దాని కోసం కెమెరా ట్రాప్‌లు పెడతారు. కనిపిస్తే అదృష్టం, వెంటపడితే తప్పు.

షాపుకి వెళ్లే ముందు ఒక కాగితం మీద మూడు అంకెలు రాసుకోండి. మీరు ఎక్కువగా తీయబోయే ప్రాణి పొడవు, అది నిలబడనిచ్చే దూరం, మీ మొత్తం బడ్జెట్. మొదటి రెండూ పైన ఇచ్చిన ఫార్ములాలో వేస్తే లెన్స్ తేలిపోతుంది. మూడోదాంట్లోంచి లెన్స్, ఫ్లాష్ తీసేశాక ఎంత మిగిలితే అంతలో బాడీ. సేల్స్ అబ్బాయి బాడీ నుంచి మొదలుపెడితే, మీరు ఆ కాగితం తీయండి.